కాలిన మోటారును విప్పి చూడకుండా మళ్లీ చుట్టొద్దు: పుంగనూరు తమ్ముడికి జవాబు

ప్రశ్న అడిగిన తమ్ముడు పేరు రాయలేదు. పుంగనూరు పక్క పల్లె అన్నాడు. వయసు ఇరవై అయిదు. ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు, బీఎస్సీలో రెండు పేపర్లు మిగిలిపోయాయి. 2023 జనవరిలో కానిస్టేబుల్ ప్రిలిమ్స్ గట్టెక్కి, తిరుపతి బైరాగిపట్టెడలో ఇంకో ముగ్గురితో కలిసి రూము తీసుకున్నాడు. దాదాపు రెండేళ్ల తర్వాత గ్రౌండుకు పిలిచారు. 1600 మీటర్ల పరుగులో 21 సెకన్లు ఎక్కువయ్యాయి, అక్కడితో ఆగిపోయాడు. అయినా రూము మాత్రం ఖాళీ చెయ్యలేదు. ఇంట్లో నాయన మాట్లాడటం మానేశాడంట. అడిగింది మూడు ముక్కలు: మళ్లీ రాయాలా, వదిలేయాలా? ఏ పని మీదా మనసు నిలవనోడు తన దారి ఎట్లా కనుక్కోవాలి? మీకెప్పుడు తెలిసింది?

వయసులో పెద్దోణ్ణి, నువ్వు అనే రాస్తున్నా, ఏమనుకోవద్దు. నేను చదువు చెప్పేవాణ్ణి కాదు. చిత్తూరులో మోటార్ల రివైండింగ్, అంటే కాలిన తీగ తీసి కొత్తది చుట్టే అంగడి నాది. ఇన్నేళ్లలో పదిహేను మంది దాకా పిల్లోళ్లు నా దగ్గర పని నేర్చుకుని పోయారు. అందులో సగం మంది నీలాగా ఏదో ఒక పరీక్ష పోగొట్టుకుని వచ్చినోళ్లే. నేనూ అంతే. ఆ అనుభవంతో చెప్తున్నా.

ముందు జవాబు: పరీక్ష వదలద్దు, రూము వదిలెయ్. ఈ నెలాఖరుకే ఖాళీ చెయ్. పుంగనూరులోనో, చిత్తూరులోనో, తిరుపతిలోనో ఏదో ఒక చేతిపనిలో చేరు. పొద్దున పరుగు, పగలు పని, రాత్రి రెండు గంటలు చదువు. ఆ మిగిలిన రెండు బీఎస్సీ పేపర్లు అన్నిటికంటే ముందు కట్టు. తర్వాతి నోటిఫికేషన్ వస్తే రాయి. రాకపోయినా నీ చేతిలో ఒక పని, ఒక డిగ్రీ ఉంటాయి.

ఎందుకు ఇంత ఖండితంగా చెప్తున్నానో చెప్పాలంటే మా అంగడి సంగతితో మొదలుపెట్టాలి.

రైతు మోటారు కాలిపోయిందని బోరులోంచి ఎత్తించి, ట్రాక్టర్లో వేసుకుని వస్తాడు. పైరు ఎండుతోంది, ఆయనకు తొందర. "బిరబిరా చుట్టిచ్చెయ్ అన్నా, రేపు పొద్దునకు దించాల" అంటాడు. మామూలుగా అయితే కాలిన తీగ కోసి లాగేసి, చుట్లు లెక్కబెట్టుకుని, అదే గేజు తీగ తెచ్చి చుట్టేస్తే పని అయిపోతుంది. బోరు మోటారు స్టేటర్ (తీగ చుట్టే కదలని భాగం) సన్నగా, పొడుగ్గా గొట్టంలా ఉంటుంది. సూదిలో దారం ఎక్కించినట్టు తీగను ఒక్కో గాడిలోకి ఈ కొస నుంచి ఆ కొసకు చేత్తోనే దూర్చాలి. రోజంతా వంగి కూర్చుంటే నడుము పడిపోతుంది.

కానీ తీగ కోసే ముందు ఒక పని ఉంది. కాలిన కాయిల్‌ను వెలుతురులో పెట్టి చూడాలి. మోటారుకు మూడు ఫేజులు, అంటే మూడు తీగల మీద కరెంటు వస్తుంది. కాయిళ్ల కొసలు ఒకచోట కలిపే స్టార్ కనెక్షన్ మోటారులో రెండు ఫేజుల కాయిళ్లు నల్లగా మాడిపోయి, మూడోది కొత్తదానిలా మెరుస్తా ఉందంటే, నడుస్తుండగా లైనులో ఒక ఫేజు పోయిందని అర్థం. మూడింటినీ కొసకు కొస కలిపే డెల్టా అయితే తిరగేసి, ఒకటి కాలి రెండు బాగుంటాయి. చుట్టూ అంతా సమానంగా మాడితే లోడు ఎక్కువైంది, లేదా ఓల్టేజీ చాల్లేదు, లేదా ఇసుక పట్టి తిరగలేకపోయింది. ఒకే గాడిలో ఒక చుక్కంత కాలితే అక్కడ ఇన్సులేషన్ తెగింది. అంటే ఎట్లా చచ్చిందో మోటారే చెప్తుంది. చూసే ఓపిక మనకుండాల.

ఇది నేను పుట్టుకతో నేర్చుకోలేదు. 1999లో అంగడి తెరిచిన కొత్తలో తవణంపల్లె దగ్గర రైతు ఒకాయన ఏడున్నర హెచ్‌పీ మోటారు తెచ్చాడు. చుట్టి ఇచ్చా. పన్నెండు రోజులకు మళ్లీ కాలింది. నా తప్పే అనుకుని కూలి తీసుకోకుండా, తీగ ఖర్చు నాదే పెట్టుకుని మళ్లీ చుట్టా. ఎనిమిది రోజులకు మళ్లీ కాలింది. అంగడి ముందర నిలబడి ఆయన తిట్టిన తిట్లు పక్కనున్న టీ అంగడోడికి ఈరోజుకీ గుర్తే. మూడోసారి తీగ ముట్టుకోలేదు. మోపెడ్ మీద ఆయన పొలానికి పోయినా. స్టార్టర్ డబ్బా తెరిస్తే ఓవర్‌లోడ్ రిలేను (మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపేసేది) ముక్క తీగతో కలిపేసి ఉంది. ఊరికే ట్రిప్ అవుతోందని వాళ్లే కలిపేశారు. టెస్టర్ పెట్టి చూస్తే ఒక ఫేజులో కరెంటే లేదు, ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఫ్యూజు పోయి ఉంది. రెండుసార్లు నేను చుట్టిన వైండింగ్‌లో వంక ఏమీ లేదు. నేను దాన్ని మళ్లీ మళ్లీ అదే మంటలో వేస్తున్నానంతే.

మొదటిసారే ఆ కాయిల్‌ను తేరిపారా చూసుంటే రెండు నల్లగా, ఒకటి తెల్లగా ఉండటం కనపడేది. చూడలేదు. తొందర.

నువ్వు ఇప్పుడు "మళ్లీ రాయాలా" అని అడిగేది, విప్పి చూడకుండా చుట్టమన్నట్టే ఉంది. కాబట్టి నీ మోటారు విప్పుదాం.

ఆ నోటిఫికేషన్ 2022 నవంబరులో వచ్చింది, 6,100 పోస్టులకు. ప్రిలిమ్స్ 2023 జనవరి 22న. నెగ్గినోళ్లు 95 వేల పైన. దేహదారుఢ్య పరీక్షలు మొదలయ్యేసరికి 2024 డిసెంబరు ఆఖరు. మెయిన్స్ 2025 జూన్ 1న. అంటే ప్రిలిమ్స్‌కూ గ్రౌండుకూ మధ్య దాదాపు రెండేళ్లు. ఆ ఆలస్యం నీది కాదు. దానికి నిన్ను నువ్వు తిట్టుకుంటే, లైన్లో ఫేజు పోయినందుకు మోటారును తిట్టినట్టు ఉంటుంది.

ఆ 21 సెకన్లు మాత్రం నీవి. 1600 మీటర్లు 8 నిమిషాల్లో అంటే 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు చుట్లు, చుట్టుకు రెండు నిమిషాలు. నీ ప్రశ్న రెండుసార్లు చదివినా. రూము, లైబ్రరీ, టెస్ట్ సిరీస్, నలుగురు కలిసి వండుకోవడం, అన్నీ రాసినావు. పరుగు గురించి ఒకే ఒక్క వాక్యం: "డేట్లు ఇచ్చాక ప్రాక్టీసు మొదలుపెట్టాను." నీ మోటారు కాలింది అక్కడ. రెండేళ్లు చేతిలో ఉంటే నెలన్నర పరిగెత్తినావు. దీన్ని "నాకు శక్తి లేదు" అనరు. "నేను తాకని గాడి ఒకటి ఉంది" అంటారు. ఈ రెంటికీ చాలా తేడా ఉంది.

నా దగ్గర పని చేసిన పిల్లోడు ఒకడు ఇదే పరుగు గెలిచాడు. పొద్దున అయిదుకు మెసానికల్ గ్రౌండుకు పోయేవాడు, ఎనిమిదిన్నరకు అంగడిలో ఉండేవాడు. మొదటి చుట్టు ఒకటిన్నర నిమిషంలో లాగేసి మూడో చుట్టుకు కూలబడేవాడంట. మూడు నెలలు పట్టింది వాడికి మొదటి చుట్టు నిదానంగా పరిగెత్తడం నేర్చుకోవడానికి. ఒకరిని గడియారం పట్టుకుని నిలబెట్టి, చుట్టుకోసారి టైము అరిచి చెప్పించుకునేవాడు. నేను పరిగెత్తేవాణ్ణి కాదు గానీ, ఆ పద్ధతి నాకు నచ్చింది. ఎక్కడ సమయం పోతోందో వాడికి చుట్టు చుట్టుకూ తెలిసేది. (మోకాళ్లు నొప్పి, ఆయాసం ఉంటే ముందు డాక్టరుకు చూపించుకో. అలిపిరి 3,550 మెట్లు రోజూ ఎక్కితే చాలనే సలహాలు వినొద్దు. మెట్లు వేరు, ట్రాక్ వేరు.)

ఇంకో లెక్క కూడా చూసుకో. పరుగు గెలిచినా ఆ తర్వాత మెయిన్స్ ఉంది, దానికీ వేల మంది. అందుకే రూము వదలమంటున్నా. వచ్చేదీ రానిదీ తేలని దానికోసం నెలకు అయిదారు వేలు మీ నాయన చేత కట్టించుకుంటూ, నలుగురు ఓడినోళ్లు ఒకే గదిలో కూర్చుంటే ఒకరి దిగులు ఇంకొకరికి అంటుకుంటుంది. ఇది నేను కళ్లారా చూసినా.

అందరికీ ఇదే మాట చెప్పను. మా అక్క కొడుకు బ్యాంకు పరీక్షలు రాసేవాడు. మొదటిసారి ప్రిలిమ్స్‌లోనే పోయింది. రెండోసారి మెయిన్స్ దాకా వచ్చి పోయింది. మూడోసారి నువ్వు పనికి పోవద్దు, కూర్చో అని నేనే చెప్పి, ఆర్నెల్లు తిండి ఖర్చు నేనే చూసుకున్నా. వచ్చింది. ఎందుకంటే వాడు ఆగిన చోటు ప్రతిసారీ ముందుకు జరుగుతోంది. ఒకే చోట మూడుసార్లు కాలుతుంటే చుట్టడం ఆపి చుట్టుపక్కల చూడాల. ప్రతిసారీ కొత్తచోట కాలుతుంటే పాత తప్పులు తీరుతున్నాయన్నమాట, ఇంకోసారి చుట్టొచ్చు. నీది ఒక్కసారే కాలింది కాబట్టి ఇది తేలడానికి ఇంకో ప్రయత్నం కావాల. ఆ ప్రయత్నం పని చేసుకుంటూ చెయ్యి అంటున్నా.

పని వల్ల చదువు చెడుతుందని భయపడతావేమో. ఒక సంగతి చెప్తా. 2019లో గ్రామ సచివాలయాల ఉద్యోగాలు పడినప్పుడు ఎనర్జీ అసిస్టెంట్లను కూడా తీసుకున్నారు. ఐటీఐ మార్కులే కాదు, కరెంటు స్తంభం ఎక్కి చూపించాలన్నారు. నా దగ్గర రెండేళ్లుగా స్తంభాల కాడికీ బోర్ల కాడికీ తిరిగిన పిల్లోడికి అది లెక్కే కాలేదు. వాడి కంటే మార్కులు బాగా ఉండి, స్తంభం సగం ఎక్కి దిగేసినోళ్లు ఉన్నారంట. వాడు కూటికోసం చేసిన పనే వాడికి అక్కడ అక్కరకొచ్చింది. ఎప్పుడూ ఇట్లా కలిసొస్తుందని చెప్పను. కానీ ఖాళీగా కూర్చున్నోడికి కలిసొచ్చే అవకాశమే లేదు.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న. దారి ఎట్లా కనుక్కోవాలి?

1993లో నాకు సీనియర్ ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ రెండూ పోయాయి. సప్లిమెంటరీలో మళ్లీ పోయాయి. మా ఊరు బంగారుపాళెం పక్కన. చెనిక్కాయ చేను, ఒక బావి. నాయన ఏమీ తిట్టలేదు, మాట్లాడటం మానేశాడు, మీ నాయన లాగే. ఒక రాత్రి బావి గట్టు మీద తెల్లారే దాకా కూర్చున్నా. దాని గురించి ఎక్కువ రాయను. నీకు గానీ, ఇది చదివే ఇంకెవరికి గానీ అట్లాంటి ఆలోచనలొస్తే, నిద్ర పట్టక వారాలు గడుస్తుంటే, ఈ సలహాలన్నీ పక్కన పెట్టి టెలీమానస్ 14416కు ఫోన్ చెయ్యి. దుడ్లు పడవు, తెలుగులో మాట్లాడతారు. మా కాలంలో అట్లాంటిది లేదు.

మరుసటేడు మా మామ కోయంబత్తూరు తీసుకపోయి చిన్న పంపుల వర్క్‌షాపులో వదిలిపెట్టాడు. నెలకు ఆరొందలు, తిండి వాళ్లదే. నాకు ఆ పని మీద ఇష్టం లేదు, ఏ కోశానా లేదు. ఎనిమిది నెలలు కాలిన కాయిళ్లు కాల్చి, కటింగ్ ప్లేయర్‌తో పట్టి లాగడమే పని. వార్నిష్ కాలిన కంపు తలకు అంటుకుని, తలంటుకున్నా పోయేది కాదు. తర్వాత గాడిలో పరిచే స్లాట్ పేపర్ కోయడం. ఏడాది దాటాక మేస్త్రి ఒక మోనోబ్లాక్ (పంపూ మోటారూ ఒకటిగా ఉండేది) మోటారు నా చేత చుట్టించాడు. వారం తిరక్కుండా అది వాపసు వచ్చింది. మేస్త్రి తిట్టలేదు, జీతం కోయలేదు, తమిళంలో ఏదో గొణిగి పక్కన పెట్టాడు. కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లేచి పోయి టార్చిలైటు పెట్టుకుని దాన్ని విప్పినా. ఒక గ్రూపు కాయిల్ కొసలు తారుమారుగా కలిపినా. దొరికింది. మళ్లీ కలిపి పడుకున్నా.

ఇంటర్ పోయినప్పుడు నాకు ఏడుపొచ్చింది కానీ, ఆ మ్యాథ్స్ పేపర్లో ఏ లెక్క ఎందుకు తప్పిందో చూడాలని ఒక్కసారి కూడా అనిపించలేదు. మోటారు విషయంలో ఎవరూ అడక్కుండానే అనిపించింది.

అందుకే నా దగ్గరికొచ్చే పిల్లోళ్లను "నీకేమిష్టం" అని అడగను. ఇరవై ఏళ్లోడికి ఇష్టాలు సినిమా చూస్తే ఒకటి, సెల్లు చూస్తే ఒకటి పుడతాయి. ఏ పనిలో తప్పు జరిగితే, ఎవరూ అనకపోయినా నీకు నిద్ర పట్టదో, అదేదో కనిపెట్టు. అది రూములో కూర్చుంటే తెలియదు. పనిలో దిగి, ఒకటి చెడగొట్టాకే తెలుస్తుంది. దానికి నా లెక్కలో కనీసం ఆర్నెల్లు పడుతుంది. మొదటి రెండు నెలలు ఏ పనైనా కంపే. మూడోవారానికే "ఇది నా దారి కాదన్నా" అని పారిపోయినోళ్లను చాలా మందిని చూసినా, వాళ్లకు దారి సంగతి ఏమీ తెలియలేదు, కంపు సంగతే తెలిసింది. ఆర్నెల్లు నిలబడి, తప్పులు చేసి, నిద్ర మాత్రం బాగానే పట్టేవాడు ఒకడున్నాడు. నేనే పంపించేసినా. ఇప్పుడు పలమనేరులో పాల సేకరణ పనిలో ఉన్నాడు, ఫ్యాట్ శాతం అర పాయింటు తేడా వస్తే ఊరంతా గోల చేస్తాడంట. సంతోషం.

మూడో ప్రశ్న, నాకెప్పుడు తెలిసిందని. ఇరవైలో రొంత, ముప్పైలో గట్టిగా. మధ్యలో పదేళ్లు సాఫీగా పోలేదు. 2002లో కరువు. బావులు, బోర్లు ఎండిపోతే మోటార్లు ఎవరు తిప్పుతారు, ఎవరు కాల్చుకుంటారు? మా పని రైతు బాగుంటేనే. డెబ్బై వేల అప్పుతో 2003లో అంగడి మూసేసినా. రాణిపేట తోళ్ల ఫ్యాక్టరీల్లో మోటార్లు చూసే కాంట్రాక్టరు కింద రెండేళ్లు కూలికి పోయినా. అప్పుడు మాత్రం నేను కుంగిపోలేదు, ఎందుకంటే విప్పి చూసుకున్నా: చేతిపనిలో వంక లేదు, వాన లేదు. 2004 మేలో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది, మరుసటేడు వానలూ పడ్డాయి. 2005 ఆఖర్లో మళ్లీ తెరిచినా. అదే అంగడి ఇప్పటికీ నడుస్తోంది.

నాయన సంగతి ఒకటి మిగిలింది. ఆయనకు నచ్చజెప్పాలని చూడొద్దు. మాటలతో అయ్యేది కాదు. మా నాయన నాతో సరిగా మాట్లాడక ఏడేళ్లు. 2000లో మా చేనిలో బోరు మోటారు కాలింది. నాకు నేరుగా చెప్పలేదు, మా పిన్నమ్మ కొడుకుతో "పెద్దోణ్ణి వచ్చి చూడమను" అన్నాడంట. పోయి ఎత్తించి, చుట్టి, సాయంత్రం దించే ముందు కేబుల్ జాయింటు వేస్తున్నా. చీకటి పడింది. ఆయన లాంతరు పట్టుకుని పక్కన నిలబడ్డాడు. మూడు తీగలు విడివిడిగా కలిపి, రబ్బరు టేపు లాగి చుట్టి, పైన ఇంకో టేపు చుడుతున్నా. నీళ్లలో మునిగే జాయింటు కదా, ఆయన లాంతరు కిందికి దించి, "టేపు చాలునా?" అన్నాడు. చాలు నాయనా అన్నా. ఇంటర్ సంగతి ఆ రోజూ ఎత్తలేదు, చనిపోయే దాకా ఎత్తలేదు.

నువ్వు ఇంటికి పోయినాక మీ చేనిలో ఏ పని నడుస్తుంటే ఆ పనికి పో. అడిగితేనే చెప్పు, అడక్కపోతే గమ్మున ఉండు.

ఇంకొకటి, నీ ప్రశ్న కింద ఎవరో "మధ్యలో పనికి పోతే గ్యాప్ వచ్చింది అంటారు కదా" అని రాశారు. కానిస్టేబుల్ పరీక్షలో గ్యాప్ అడిగే ఇంటర్వ్యూ ఏదీ లేదు. పరుగు, పేపరు, అంతే. ప్రైవేటు ఉద్యోగంలో అడిగితే, పని చేసుకుంటూ చదివినా అని చెప్పడానికి సిగ్గెందుకు?

రూము ఖాళీ చెయ్యకముందే ఒక పని చూసుకో తమ్ముడూ. డిగ్రీ తిరుపతిలోనే చదివినానన్నావు కదా. ఆ రెండు పేపర్లు రాయడానికి ఇంకా అవకాశం ఉందా, ఫీజు గడువు ఎప్పుడు, సిలబస్ మారితే ఏ పేపరు రాయాలో మీ కాలేజీ ఆఫీసులో, యూనివర్సిటీ పరీక్షల విభాగంలో అడిగి కాగితం మీద రాయించుకో. సోమవారం పొద్దునే పో. తిరుపతిలో ఉండగానే అయిపోతే, దానికోసం మళ్లీ పుంగనూరు నుంచి బస్సు చార్జీ దండగ కాదు.